డాక్టరు పట్టము తరువాత

మానవీయశాస్త్రములలో డాక్టరు పట్టమందిన యువపండితునికి వెనువెంటనే తోచు ప్రశ్న, ఇక జీవిక యెట్లని. న్యూయార్కునందలి కొలంబియా విశ్వవిద్యాలయము 1976లో ఫెలోల సంఘమును నెలకొల్పి దీనికొక దారి చూపినది. అచ్చటి ఫెలోకు ఒకవంక పరిశోధన, ఒకవంక బోధన. ఆ పాఠము తాను శోధించిన విషయమే కానక్కరలేదు. 1937లో ఆరంభమైన సాహిత్య పాఠక్రమము వంటి వానిలో, భౌతికశాస్త్రము చదువగోరు విద్యార్థితోనైనను హోమరును చర్చింపవలసియుండును. ఏండ్ల తరబడి ఒక్క కవినో, ఒక్క శాసనమునో పట్టుకొని కూర్చున్నవారికి ఇది కఠినపరీక్షయే! పదునెనిమిదేండ్ల పిల్లవాడు “దీనిని మేమేల చదువవలెను?” అని యడిగినచో అధోజ్ఞాపికలు అక్కరకు రావు. ఆ చిక్కే పరిశోధనకు మేలని మేము తలంతుము. అయితే గడువు మూడేండ్లు. పిదప స్థిరోద్యోగమునకు పూచీ లేదు. కనుకనే, పుస్తకము ముగింపవలసిన రెండవయేటనే పలువురు ఉద్యోగపు దరఖాస్తులు వ్రాయుచు కూర్చుందురు.