చీటీలో ఎన్ని రోజులని రాసుంది?

ఆటపాటల మధ్య ఈ మందుల చీటీ గొడవేమిటనుకోకండి. ఎక్కువసేపు తీసుకోను.

మందస, మెళియాపుట్టి కొండల్లో మలేరియా మనకు కొత్త కాదు. రక్తపు చుక్క తీస్తారు, మందులిస్తారు, మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది. కొన్నాళ్లకు మళ్లీ అదే వణుకు. "మీవాళ్లు మందులు పూర్తిగా మింగరు" అని మాట పడతాం. ఎన్ని రోజులు మింగాలో ఆ చీటీలో ఉందా? ముందు అది చూడాలి.

మనకు ముఖ్యంగా వచ్చేవి రెండు రకాలు. వైవాక్స్ అయితే క్లోరోక్విన్ మూడు రోజులు, పెద్దవాళ్లకు నాలుగు, నాలుగు, రెండు బిళ్లలు. దాంతోపాటు ప్రైమాక్విన్ 14 రోజులు. ఎందుకంటే వైవాక్స్ క్రిమి కాలేయంలో దాక్కుంటుంది, జ్వరం తగ్గినా పోదు. ఫాల్సిపారం అయితే ఏసీటీ అట్ట మూడు రోజులు, రెండో రోజు ఒక్కసారే ప్రైమాక్విన్. చూశారా, మందు ఒకటే. ఒక జ్వరానికి ఒక్కసారి, ఇంకో జ్వరానికి 14 రోజులు. చీటీలో మందు పేరు రాసి, జ్వరం రకమూ రోజులూ వదిలేస్తే ఊళ్లో ఆశా కార్యకర్తకు మాత్రం ఏం తెలుస్తుంది?

వయసు, బరువు ఉండాలి. గర్భిణి అయితే ఆ మాట తప్పక ఉండాలి. గర్భిణులకూ ఏడాదిలోపు పిల్లలకూ ప్రైమాక్విన్ ఇవ్వరు. కొందరికి పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువ, వాళ్లకు ఈ మందు రక్తకణాలను విరిచేస్తుంది. మూత్రం డికాక్షన్‌లా నల్లగా వస్తే మందు ఆపి వెంటనే ఆసుపత్రికి రావాలి. ఇది రాయకపోయినా నోటితో చెప్పి తీరాలి.

పనికని పలాస, టెక్కలి దిగిపోయే కుర్రాళ్లున్నారు. అక్కడ జ్వరం తిరగబెడితే కొత్త డాక్టరుకు ఈ చీటీయే ఆధారం. తేదీ, పరీక్ష ఫలితం లేకపోతే కథ మొదటికొస్తుంది. ఒంటినొప్పులకిచ్చిన బిళ్ల పేరు కూడా రాయమనండి. కిడ్నీ జబ్బులున్న ఉద్దానంలో అది చిన్న విషయం కాదు.

డాక్టర్లను తప్పుపట్టడం లేదు. జ్వరాల కాలంలో ఓపీ ముందు వరస ఎంత పొడుగుంటుందో చూస్తూనే ఉన్నాం. అయినా మందుల పేర్లు చదవగలిగేలా రాయాలని వైద్య మండలి 2016లోనే చెప్పింది కదా.

గిడుగు రామమూర్తి పంతులుగారు నూరేళ్లకు ముందే సవర నేర్చుకుని మన భాషలో పుస్తకాలు రాశారు. "14 రోజులు మింగాలి" అన్న ఒక్క మాట సవరలో, తెలుగులో రబ్బరు ముద్ర చేయించి ఆసుపత్రులకు ఇవ్వలేమా? కార్యవర్గం ఆలోచించాలి, ఖర్చు పెద్దదేం కాదు. ఈలోగా మందుల కిటికీ దగ్గరే నిలబడి అడగండి: ఏ రకం జ్వరం, ఎన్ని రోజులు?