పెరడును జపమాలయు

(కళుగుమలైలో మన తెలుగు కుటుంబముల కూటమియందు చేసిన ప్రసంగ పాఠము)

 

పెరటి తోటను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని సంఘమువారు మమ్ము కోరిరి. మేము కందులు, మినుములు, మిరపకాయలు కొని అమ్ము వర్తకులము. మెట్రిక్యులేషన్‌తో చదువు చాలించి కొట్టులో కూర్చున్నవారమే గాని శాస్త్రజ్ఞులము కాము. అయినను మా ఇంట మూడు తరములుగా పెరడును జపమాలయు కలిసియే నడచుచున్నవి. కావున ఆ రెంటిని వేరుచేయక చెప్పెదము. ఈ సభలో అధికులు వేంకటేశ్వరుని, మన కొండ కుమారస్వామిని కొలుచువారు. మేము క్రీస్తు ప్రభువును కొలుచువారము. నిత్యము తులసికోటకు నీరు పోసి దీపము పెట్టు మీకు, మొక్కకు నీరు పోయుట దైవకార్యమని మేము క్రొత్తగా బోధింప నక్కరలేదు.

మా వేదగ్రంథమున మనుష్యుని కథ తోటలోనే మొదలగును. దేవుడు ఏదెనున తోట వేసి, దానిని సేద్యము చేయుటకును కాపాడుటకును మనుష్యుని అందుంచెనని ఆదికాండము రెండవ అధ్యాయము చెప్పుచున్నది. అనగా చేతిపని మనుష్యునకు శిక్షగా రాలేదు. పాపమునకు ముందే అది వరముగా వచ్చినది. ప్రభువు సమాధియు ఒక తోటలోనిదే. పునరుత్థాన దినమున మగ్దలా మరియమ్మ ఆయనను చూచి తోటమాలి యనుకొనెనని యోహాను వ్రాసెను. జపమాలకు లాటిన్ భాషలో గల రొసారియుమ్ అను పేరునకు గులాబి తోట యని అర్థము. తోట వేరు, ప్రార్థన వేరు అని మా పెద్దలు తలపలేదనుటకు ఈ పేరొక్కటియే చాలును.

లూకా సువార్త పదుమూడవ అధ్యాయమున ఒక ఉపమానము కలదు. ఒక యజమానుడు తన తోటలోని అంజూరపు చెట్టును చూడవచ్చెను. మూడేండ్లుగా ఒక్క కాయయు లేదు. దానిని నరికివేయుమని తోటమాలితో చెప్పెను. తోటమాలి ఇంకొక్క యేడు గడువు వేడెను. అయితే వేడుకొని చేతులు కట్టుకొని కూర్చుండెదననలేదు. చుట్టును త్రవ్వి ఎరువు వేసెదనని మాట యిచ్చెను. మేము చెప్పవలసిన దంతయు ఈ కథలోనే యున్నది. గడువు వేడుట ప్రార్థన, త్రవ్వుట పని. త్రవ్వకయే గడువు కోరుట సోమరితనము. గడువు ఇచ్చువాడొకడున్నాడని మరచి త్రవ్వుట గర్వము.

ఆరవ శతాబ్దమున బెనెడిక్టు మునీశ్వరులు తమ మఠములకు ఏర్పరచిన నియమావళిలో, మఠపు గోడలలోపలనే నీరును తోటయు ఉండవలెనని విధించిరి. మఠపు పనిముట్లను బలిపీఠముపైని పాత్రలవలె చూడవలెననిరి. గునపమును పూజాపాత్రతో సమానము చేసిన మాట యిది. ఇది మనకు వింత గాదు. మన కొండపై వెట్టువాన్ కోవెలను పాండ్యుల కాలమున శిల్పులు నిలువు రాతిలో పైనుండి క్రిందికి చెక్కుచు వచ్చిరి. వారి ఉలి దెబ్బయు పూజయే.

మన ప్రాంతపు కామనాయకన్‌పట్టి మీ రెల్లరు ఎరిగిన ఊరు. ఆ ఊరి పేరులోనే నాయక శబ్దము నిలిచియున్నది. ఇటలీ దేశమునుండి వచ్చి వీరమామునివరను పేర తమిళ కవియైన జోసెఫ్ బెస్కీ స్వామి (1680–1747) అచ్చట సేవ చేసిరి. అచ్చటి పరలోకమాత పండుగ ఆగస్టు 15వ తేదీన జరుగును. అదే దినమున పోలండు, జర్మనీ, ఆస్ట్రియా దేశములలో స్త్రీలు తమ పెరటి మూలికలను, పూలను కట్టలు గట్టి దేవాలయమునకు తెచ్చి ఆశీర్వదింపజేసికొందురు. మనకది ఆడి మాసపు చివరి దినములు; ఆడిలో విత్తిన విత్తు మొలకెత్తి ఆకు తొడుగు కాలము. అమెరికాలో 1951లో ఫిలడెల్ఫియా నగరమున ఇద్దరు గృహస్థులు మరియమాత పేర ఇంటింట తోటలు వేయించు ఉద్యమమును ఆరంభించిరి. 2015లో ఫ్రాన్సిస్ పోపుగారు భూమి మన ఉమ్మడి ఇల్లని లోకమంతటికి లేఖ వ్రాసిరి.

ఇక మన నేల సంగతి. మనది నల్లరేగడి. ఎండకు బీటలువారును, వాన పడినచో పాదమును వదలదు. ఈశాన్య ఋతుపవనము తెచ్చు నీరే మనకు ప్రధానము. మెట్టసాగును గూర్చి కోవిల్‌పట్టి పరిశోధనా కేంద్రము 1901 నుండి పనిచేయుచున్నది. సందేహములున్నవారు అచ్చటికి పోయి అడుగవచ్చును. పెరటికి సంబంధించినంతవరకు మేము చేయునది ఇది. ఇసుకను, చివికిన పేడ ఎరువును రేగడితో కలుపుదుము. కాల్చిన మట్టికుండను మూతివరకు పాతి, దాని చుట్టు నాలుగు వంగ మొక్కలు నాటుదుము. కుండలో పోసిన నీరు మట్టి గోడగుండ ఊరి వేరులకే చేరును. ఎండ దానిని దోచుకొనలేదు. వేరుసెనగ మిఠాయికి పేరొందిన మన ప్రాంతమున వేరుసెనగ పొట్టునకు కొదువ లేదు గదా. దానిని పాదులపై పరచిన తడి ఆరదు. స్నానపు నీటిని అరటికి మళ్లింపుదుము. సబ్బునీటిని ఆకుకూరలకు పోయము.

ఉదయమున త్రికాల జపము చెప్పి కుండలు నింపుదుము. సాయంకాలమున పది పూసల జపము చెప్పుచు కలుపు తీయుదుము. తోటకూర నెల దినములలో కోతకు వచ్చును. బెండ నలుబది అయిదు, ఏబది దినములు ఆగుమనును. మునగ ఇంకను ఆగుమనును. కొట్టులో సరుకు నేడు కొని రేపు అమ్ము మావంటివారికి ఈ ఆగుటయే పెద్ద జపము. తెగులు తగిలి పాదంతయు ఎండిన యేడులును కలవు. ప్రార్థించినవాని బెండకు పురుగు పట్టదని మేము చెప్పము. మరల విత్తుటకు మనస్సు చెడదని మాత్రము చెప్పగలము.

పెద్దలారా, ఇంత చెప్పుటకు వేరొక కారణము కలదు. మా గుడిలో ప్రార్థన తమిళమున జరుగును; కొట్టులో బేరము తమిళము; బడిలో తమిళమును ఇంగ్లీషును. ఆ తమిళము మనకు అన్నము పెట్టినది. దానిపై మాకు గౌరవమే కలదు. కాని తెలుగు ఎచ్చట మిగిలినది? వంటింటను పెరటిలోను మిగిలినది. గోంగూర, పొట్ల, నందివర్ధనము, కనకాంబరము అను మాటలు పెరటిలో బ్రదికియున్నవి. ఇడైసెవల్‌లో 1923లో జన్మించి 2021లో కీర్తిశేషులైన కి. రాజనారాయణన్‌గారి ఇంటిభాష తెలుగు. తెలుగువారు దక్షిణమునకు వచ్చి అడవి నరికి ఊరు కట్టుకొన్న కథను ఆయన 1976లో తమిళమున ‘గోపల్ల గ్రామము’గా వ్రాసిరి. మనము నేలను త్రవ్వి నిలిచిన జాతివారము. నేడు ఇంటింట పెరటికి సిమెంటు పరచుచున్నారు. పెరడు పోయినచో అవ్వ మనుమరాలికి పేరు చెప్పి చూపవలసిన మొక్క యుండదు. ఆ పేరు అవ్వతోనే పోవును.

పెరటి చెట్టు మందునకు పనికిరాదని సామెత. మన భాషను మనమే ఆ పెరటి చెట్టును చేసితిమి. పిల్లలు తెలుగున చదువుట లేదు, వ్రాయుట లేదు, కాయ లేని చెట్టు గదా, ఏల ఉంచవలెనని అడుగువారు మనలోనే కలరు. వారికి మా ఉత్తరము ఆ తోటమాలి చెప్పినదే. ఇంకొక్క యేడు గడువిండు. చుట్టు త్రవ్వెదము, ఎరువు వేసెదము.

కావున మా మనవి స్వల్పము. ప్రతి ఇంట నాలుగు మూరల నేలనైనను సిమెంటు లేక విడువుడు. అది లేనివారు మేడపై అయిదు తొట్లు పెట్టుడు. ఈ యాడి మాసమున పిల్లలచేత విత్తింపుడు. నీరు పోయునపుడు మీ దైవమును మీ తెలుగున తలచుడు; మేము మంగళవార్త జపము చెప్పెదము, మీరు గోవింద నామము చెప్పుడు. ప్రతి మొక్క పేరును అవ్వ నోట మనుమల చెవికి చేరనిండు. విత్తనములు కావలసినవారు మా కొట్టునకు రండు. మా పెరటి బెండ, గోంగూర, చిక్కుడు విత్తులు కట్టియుంచితిమి. వెల లేదు, వచ్చు యేడు అంతకు రెట్టింపు విత్తులు తెచ్చి మరియొక ఇంటివారికి ఇచ్చుటయే వెల.