జట్టు ఇబ్బందిలోంచి పుట్టిన వెబ్

జెనీవా దగ్గర సెర్న్ పరిశోధనశాలకు వేలమంది వచ్చేవారు, చాలామంది రెండేళ్లకే వెళ్లిపోయేవారు. ఏ ప్రోగ్రాం ఎవరు రాశారో, ఎందుకలా రాశారో ఆ సంగతులూ వాళ్లతోనే పోయేవి. ఈ ఇబ్బంది తీరేందుకే 1989 మార్చిలో అక్కడ పనిచేసే టిమ్ బెర్నర్స్-లీ ఒక ప్రతిపాదన రాశారు: ఎవరి సమాచారం వారి కంప్యూటర్లోనే ఉండాలి, లంకెలు పట్టుకుని అందరూ చేరుకోవాలి. అలా పుట్టిన వెబ్‌లో తొలి వెబ్‌సైట్ ఆయన నెక్స్ట్ కంప్యూటర్ మీదే నడిచింది. ఎవరూ ఆపేయకుండా దానిమీద ఎర్ర సిరాతో రాసిన చీటీ అంటించారు! ఆ సైటులో హంగుల్లేవు. వెబ్ ప్రాజెక్టు ఏమిటి, ఎవరు చేస్తున్నారు, ఇంకొకరు ఎలా చేరవచ్చు, అంతే. సొంత సైటు కట్టుకునే యువతకు నేను చూపించే నమూనా అదే. రంగులు తర్వాత చూసుకోవచ్చు, ముందు మీ పని గురించి, మీ నిర్ణయాల కారణాల గురించి రాయండి. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఈ వెబ్ సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా లోకానికి వదిలేసింది కనుక సైటు కట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.