రంగులు చెప్పిన యుద్ధం

జపాన్ దర్శకుడు అకిరా కురొసావా 1985లో తీసిన ‘రాన్’, షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’కు దగ్గరి చుట్టం. ముసలి ప్రభువు కొడుకులకు రాజ్యం అప్పగిస్తాడు. ఇక కొట్లాటే!

పెద్దవాడు తారోకు పసుపు, నడిమివాడు జిరోకు ఎరుపు, చిన్నవాడు సబురోకు నీలం. సైనికుల జెండాలూ అవే రంగులు. కోట ముట్టడిలో పసుపు, ఎరుపు దండులు కలిసి తండ్రి మీదికే వస్తాయి. చాలాసేపు తోరు తకెమిత్సు సంగీతం తప్ప మరో చప్పుడు ఉండదు. ఎవరు ఎవరో రంగులే చెప్పాలి. ఉన్నట్టుండి తుపాకీ పేలుతుంది. తారో కూలతాడు. కాల్చింది ఎర్రదండు మనిషి.

‘రాన్’కు ఈ రంగుల దుస్తులు రూపొందించిన ఎమి వాదా, వాటికి ఆస్కార్ అందుకున్నారు.

2002లో చైనా చిత్రం ‘హీరో’కూ దుస్తులు ఆవిడవే. అక్కడ రంగు మనిషిది కాదు, కథనానిది: కట్టుకథ ఎరుపులో, రాజు ఊహ నీలంలో, అసలు జరిగింది తెలుపులో.