క్రొత్త బిడ్డలకు స్వాగతము: సేవావృత్తులు నేర్పు పాఠము

(పాఠశాల వార్షికోత్సవమునాడు తల్లిదండ్రుల సభలో గావించిన ప్రసంగము)



ప్రతి సంవత్సరమును బడి తెఱచిననాడు క్రొత్తగా చేరిన పిల్లలకు దారి చూపుటకై పెద్ద తరగతుల విద్యార్థులను కొందఱిని మేము నియమించుచున్నాము. తరగతి గది యెక్కడ, మంచినీ రెక్కడ, గంట మ్రోగినప్పుడు ఏమి చేయవలెను అనునవి చెప్పుట వారి పని. ఇది స్వల్పమైన పనియనియు, దీనివలన తమ పిల్లల చదువు చెడుననియు కొందఱు తల్లిదండ్రులు తలంచుచున్నారు. ఈ పని యెంతటిదో, దీనిని ఎవరినుండి నేర్చుకొనవచ్చునో నేడు మీకు మనవి చేయదలచితిమి.

మన రాజ్యాంగమునందు 1956వ సంవత్సరమున చేర్చబడిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాక వర్గముల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన సదుపాయములు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములను కోరుచున్నది. చట్టము బడి తలుపు తెఱచును. బిడ్డను గడప దాటించుటకు మాత్రము మనుష్యుడే కావలెను. మన యిండ్లలో తరతరములుగా నిలిచిన తెలుగు పుస్తకములలోని తెలుగు కాదు. చుట్టునున్న భాషల మాటలు దానిలో కలసి యున్నవి. తమిళనాట పెరిగిన మన బిడ్డ బడిని ‘పళ్ళికూడము’ అనగా విని పెద్ద పిల్లలు పకపక నవ్విరనుకొందము. మరునాటినుండి ఆ బిడ్డ నోరు మెదపదు. నెల తిరుగకముందే వేఱొక బడిలో చేర్పింపుడని యింట మారాము చేయును. ఆ బిడ్డతోపాటు ఒక కుటుంబమున తెలుగు చదువే అంతరించిపోవచ్చును. మొదటినాటి ఆదరణపై ఇంత భారమున్నది.

రోజంతయు క్రొత్త ముఖములను ఆదరించుటయే జీవనోపాధిగా గలవారు లోకమున పెక్కుమంది కలరు. అందు కొన్ని చోట్ల ఆ ఆదరణ ఒక నటనగానే శిక్షణ పొందినది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున 1955 జూలై 17వ తేదీన ప్రారంభమైన డిస్నీలాండ్ అను వినోదోద్యానము దీనికి ప్రసిద్ధోదాహరణము. అచట వీధి యూడ్చువానితో సహా ఉద్యోగులందఱిని ‘నటవర్గ సభ్యులు’ అని వ్యవహరింతురు. సందర్శకులు తిరుగు చోటు రంగస్థలము. వారికి కనబడని చోటు నేపథ్యము.

అచట ‘జంగిల్ క్రూజ్’ అను పడవ విహారమొకటి కలదు. పడవ నడుపువారు యంత్రములచే కదలు ఏనుగులను, మృగములను చూపుచు హాస్యోక్తులు పలుకుదురు. కొలది నిమిషముల యాత్ర. దినమునకు ఎన్నో మారులు అదే త్రోవ, అవే మాటలు. అయినను పడవ యెక్కినవారిలో అనేకులకు అది మొదటి మారు. చెప్పువానికి పాతబడిన మాట వినువానికి క్రొత్తదని మఱువకుండుటయే ఆ వృత్తిలోని కిటుకు. ఇరువదవ బిడ్డకు మంచినీటి చోటు చూపునప్పుడును మన విద్యార్థి కంఠమున విసుగు వినబడరాదు. ఇది మొదటి పాఠము.

అచటి శిక్షణలో తఱచుగా చెప్పు ప్రశ్న యొకటి కలదు. ‘మూడు గంటల ఊరేగింపు ఎన్ని గంటలకు?’ అని సందర్శకులు అడుగుచుందురట. నవ్వు వచ్చు ప్రశ్నయే. కాని అడుగువారి మనసులోనిది వేఱు: ‘ఊరేగింపు ఈ చోటికి ఎప్పుడు వచ్చును? పిల్లలతో ఎక్కడ నిలుచుండవలెను?’ ఉద్యోగి ఆ లోపలి ప్రశ్నకే బదులు చెప్పవలెను. మన క్రొత్త బిడ్డ ‘ఇంటిగంట ఎప్పుడు కొట్టుదురు?’ అని నాలుగు మారులు అడుగవచ్చును. ఆ బిడ్డకు కావలసినది గడియారపు లెక్క కాదు; అమ్మ తప్పక వచ్చునా అను ధైర్యము. ‘గంట కొట్టగానే నేనే నిన్ను వాకిటివఱకు తోడ్కొనిపోయెదను’ అనుటయే సరియైన జవాబు. ఇది రెండవ పాఠము.

మూడవ పాఠము విమాన పరిచారికలనుండి వచ్చినది. ఆర్లీ హోక్‌షీల్డ్ అను సామాజిక శాస్త్రవేత్త వారి శిక్షణను పరిశీలించి 1983లో ఒక గ్రంథము ప్రకటించిరి. నటన రెండు విధములని ఆమె వివరించిరి. పెదవులపై మాత్రమే చిఱునవ్వు పులుముకొనుట పైపై నటన. ఎదుటివాని స్థితిని ఊహించి, మనసులోనే ఆ భావమును కలిగించుకొనుట లోతైన నటన. కోపించిన ప్రయాణికుడు ఏదో దుఃఖములో నున్నాడని తలంచుకొనుడని ఆ పరిచారికలకు నేర్పిరట. మాటాడని బిడ్డను చూచి ‘పొగరు’ అనుకొను విద్యార్థికిని, ‘ఈ బిడ్డ యింటి తెలుగు వేఱేమో, నవ్వుదురని జంకుచున్నదేమో’ అని ఊహించు విద్యార్థికిని చాల భేదము కలదు. రెండవవాని నవ్వులో కపటముండదు.

ఇచట ఒక హెచ్చరికయు అవసరము. నవ్వు జీతమునకు అమ్మవలసివచ్చినప్పుడు మనిషి తన నిజమైన భావమునకే పరాయివాడగు ప్రమాదము కలదని ఆ గ్రంథమే చెప్పుచున్నది. మన విద్యార్థులు ఉద్యోగులు కారు, పిల్లలు. కనుక నటులకు నేపథ్యమున్నట్లే వీరికిని ఉండవలెను. దినమంతయు ఒక్కరినే నిలుపక వంతులు వేయవలెను. అలసినప్పుడు కూర్చుండుటకును, మనసులోని మాట చెప్పుకొనుటకును ఒక ఉపాధ్యాయుడు దగ్గఱ నుండవలెను. ఏడ్పు మానని బిడ్డను, జబ్బుపడిన బిడ్డను పెద్దలకు అప్పగించుట ఓటమి కాదని ముందే చెప్పవలెను. అవమానించువారికి సైతము నవ్వుచు బదులు చెప్పుమని మేము కోరము.

తల్లిదండ్రులారా, మీవలన కావలసినవి రెండే. ఈ పనికి ఎన్నుకొనబడిన మీ పిల్లలను రెండు దినముల పాఠముకొఱకు వెనుకకు లాగవలదు. ఇతరుల మనసు కనిపెట్టుటయు చదువే. రెండవది, సాయంకాలము ఇంటికి వచ్చినప్పుడు ‘ఈ దినము ఏ క్రొత్త బిడ్డ పేరు తెలిసికొంటివి? ఆ బిడ్డ ఏమి పలికినది?’ అని అడుగుడు. ఆ బిడ్డ మాట వింతగా నున్నదని వారు చెప్పినచో మీరు నవ్వవలదు. మన తాతముత్తాతల మాటయు ఎవరికో ఒకరికి వింతగానే యుండెను గదా. మీ సహకారమున ఈ సంవత్సరము చేరిన ప్రతి బిడ్డయు వచ్చు సంవత్సరము మఱొక బిడ్డ చేయి పట్టుకొని లోనికి తీసికొనివచ్చునని ఆశించుచున్నాము.