పశువైద్య విద్యార్థి - సభామర్యాద

గ్రామవృద్ధులారా! గన్నవరమున 1998లో వెలసిన పశువైద్య కళాశాలలో చోటు ప్రవేశపరీక్ష ర్యాంకును బట్టి లభించును. అమెరికాలో పెరుగు మన బిడ్డలకు అంతటితో తీరదు. అచట పెక్కు కళాశాలలవారు అభ్యర్థిని ఎదుట కూర్చుండబెట్టి ప్రశ్నింతురు.

మన పెదపాడులో పెద్దలయెదుట తల వంచుట వినయము. అచట కన్నెత్తి చూడనివానిని శంకింతురు. కావున మనుమడు సెలవులకు వచ్చినపుడు పాకలోని గేదెకడకు పంపుడని నా మనవి. వెనుకనుండి పోరాదు. ముందుగా పలుకరించి, నెమ్మదిగా ప్రక్కకు చేరి, మెడపై చేయి వేయవలెను. చేతులు విసరినచో బెదరి తన్నును. పరీక్షకులకడకును ఈ నడకయే తగును. కోటు సంగతి దర్జీ చూచుకొనును.

దూడ అడ్డము తిరిగినది, రైతుతో నేమందువని వారడుగవచ్చును. అపుడు నేలచూపులు చూడక, ఎదుట రైతే యున్నట్లు ముఖము చూచి, తెలిసినంతయే చెప్పవలెను.