బీటిల్స్‌ని విడదీసింది ఎవరు?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏదైనా పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు, ఉద్యోగం సంగతులు మాత్రం వద్దన్నారు. అందుకని నాకిష్టమైన ఒక పాటల బృందం గురించి చెబుతాను. బడి పండగలో ఇంగ్లీషు బ్యాండు గొడవేమిటని మాస్టార్లు అనుకోవచ్చు. కానీ బీటిల్స్ కూడా బడిలో పుట్టినవాళ్ళే. జాన్ లెనన్ చదివిన బడి పేరు క్వారీ బ్యాంక్, అతని మొదటి బృందం పేరు క్వారీమెన్. పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్ లివర్‌పూల్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులు, బడి బస్సులో స్నేహితులయ్యారు. 1957 జులై 6న ఒక చర్చి ఉత్సవంలో జాన్, పాల్ కలుసుకునేనాటికి ఒకరికి 16 ఏళ్ళు, ఇంకొకరికి 15. రింగో స్టార్ 1962లో వచ్చి చేరాడు. వాళ్ళు విడిపోయారని 1970 ఏప్రిల్లో పేపర్లలో పడ్డప్పుడు నలుగురిలో ఒక్కరికీ ముప్ఫై నిండలేదు.

ఎందుకు విడిపోయారంటే లోకమంతా చెప్పే జవాబు ఒకటుంది. జాన్ పెళ్ళాడిన జపాన్ కళాకారిణి యోకో ఓనో వచ్చి విడదీసిందని. మన ఊళ్ళో అన్నదమ్ములు వేరుపడితే కొత్త కోడలి పేరు చెప్పరూ, అచ్చం అలాగే. కాస్త తెలిసినవాళ్ళు పాల్ పేరు చెబుతారు, బయటికి వచ్చేశానని ముందుగా ప్రకటించినవాడు అతనే కాబట్టి.

యంత్రంలో షాఫ్టు విరిగితే ఆ షిఫ్టులో ఉన్న ఆపరేటర్ మీదికి నెట్టెయ్యడం చాలా తేలిక. విరిగిన చోటు కడిగి చూస్తే, ఇసుక మీద అలలు వదిలిన గీతల్లాంటివి వరసగా కనిపిస్తాయి. పగులు ఎప్పుడో మొదలై కొంచెం కొంచెంగా పాకిందని అవి చెబుతాయి. బీటిల్స్ విషయంలో ఆ గీతలు చూసే అవకాశం మనకి 2021లో వచ్చింది.

1969 జనవరిలో వాళ్ళు కొత్త పాటలు కడుతుంటే కెమెరాలు వెంట ఉన్నాయి. దాన్నుంచి 1970లో వచ్చిన 'లెట్ ఇట్ బీ' సినిమా గంటా ఇరవై నిమిషాలు. విడిపోయిన వార్త విన్నాక చూశారు కాబట్టి, అందులో ప్రతి చిన్న చిరాకూ జనానికి కారణంలాగే కనిపించింది. మిగతాదంతా, అంటే సుమారు 60 గంటల ఫిల్ము, 150 గంటల శబ్దం, యాభై ఏళ్ళు మూలపడి ఉంది. పీటర్ జాక్సన్ దాన్ని వెలికితీసి దాదాపు 8 గంటల 'గెట్ బ్యాక్' తీశాడు. రహస్యం మాట్లాడుకోవాలంటే వీళ్ళు గిటార్ మోత పెంచి మాట వినబడకుండా చేసేవారట. జాక్సన్ బృందం కంప్యూటర్‌తో ఆ మోతని వేరుచేసి మాటల్ని బయటికి లాగింది. ఆ పనితనానికి నేను దణ్ణం పెడతాను.

అందులో యోకో జాన్ పక్కన కూర్చుని పేపరు చదువుకుంటూ ఉంటుంది. ఆవిడ యాంప్లిఫయర్ మీద కూర్చున్నందుకు మేం విడిపోయామని యాభై ఏళ్ళ తర్వాత జనం చెప్పుకుంటారేమోనని పాల్ తానే నవ్వుతాడు. లేచి వెళ్ళిపోయింది జార్జ్, జనవరి 10న. జాన్, పాల్ పాటలు పోగా తన పాటలకి చోటు దొరకడం లేదన్నది ఎన్నాళ్ళనుంచో ఉన్న బాధ. రెండు వారాల్లోపే తిరిగొచ్చాడు. బిల్లీ ప్రెస్టన్ అనే కీబోర్డు కళాకారుడు వచ్చి కూర్చోగానే, చుట్టం ఇంటికొస్తే కొట్లాట ఆపిన అన్నదమ్ముల్లా నలుగురూ బుద్ధిగా వాయించారు. అంతకు ముందు ఆగస్టులో రింగో కూడా ఒకసారి వెళ్ళిపోయాడు. తిరిగొచ్చేసరికి అతని డ్రమ్స్ నిండా పూలు పెట్టి ఉంచారు. అలా వెళ్ళడం, రావడం వాళ్ళకి కొత్త కాదు. మరి చివరిసారి ఎందుకు తిరిగి రాలేదు?

నా లెక్కలో పగులు మొదలైన రోజు 1967 ఆగస్టు 27. ఆ రోజు వాళ్ళ మేనేజరు బ్రయాన్ ఎప్‌స్టీన్ 32 ఏళ్ళకే చనిపోయాడు. అతను గొప్ప వ్యాపారి ఏమీ కాదు. బీటిల్స్ బొమ్మలు, విగ్గులు అమ్ముకునే హక్కుల్లో నూటికి తొంభై బయటివాళ్ళకి రాసిచ్చేసిన మనిషి. కానీ నలుగురూ అతని మాట వినేవారు. ఎప్‌స్టీన్ పోయాక మునుపటిలా లేదని జార్జ్ ఆ ఫిల్ములోనే అంటాడు. ఆ మాటని జనం పెద్దగా పట్టించుకోలేదు.

ఆ ఏడు ఏప్రిల్లోనే నలుగురూ పదేళ్ళ భాగస్వామ్యం రాసుకున్నారు. పాటల రచన మీద వచ్చేది తప్ప, ఎవరు విడిగా రికార్డు చేసినా డబ్బు ఉమ్మడి ఖాతాకే. పెద్ద దిక్కు లేని ఇంట్లో ఉమ్మడి ఆస్తి అన్నమాట. తర్వాత ఆపిల్ అని సొంత కంపెనీ పెట్టి డబ్బు నీళ్ళలా పోశారు. లండన్‌లో తెరిచిన బట్టల కొట్టు ఎనిమిది నెలలకే మూతపడింది, మిగిలిన సరుకు ఊరికే పంచిపెట్టారు. లెక్కలు చూడ్డానికి మనిషి కావాల్సి వచ్చింది. జాన్, జార్జ్, రింగో అమెరికన్ మేనేజరు ఆలెన్ క్లైన్ కావాలన్నారు. పాల్ తన మామగారు లీ ఈస్ట్‌మన్, బావమరిది జాన్ ఈస్ట్‌మన్ పేర్లు చెప్పాడు, ఇద్దరూ లాయర్లే. అల్లుడు మామగారి చేతిలో తాళాలు పెడతానంటే మిగతావాళ్ళు ఎలా ఒప్పుకుంటారు? పాల్‌ని కూడా తప్పుపట్టలేం. క్లైన్‌ని ఆ ముగ్గురే 1973లో వదిలించుకుని, కోర్టుకి కూడా వెళ్ళారు.

తాను వెళ్ళిపోతున్నానని జాన్ 1969 సెప్టెంబరులోనే లోపల చెప్పాడు. ఒప్పందాలు నడుస్తున్నాయి కాబట్టి బయటపెట్టలేదు. కాబట్టి ముందు వెళ్ళింది జాన్, ముందు చెప్పింది పాల్. 1970 వసంతంలో పాల్ సొంత ఆల్బమ్ విడుదల వాయిదా వెయ్యాలన్న ఉత్తరం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది పాపం రింగో, నలుగురిలోకీ మెత్తటివాడు. పాల్ అతన్ని ఇంట్లోంచి గెంటేశాడు. అయినా రింగో వెనక్కి వెళ్ళి, అతని తేదీ అతనికి ఇచ్చెయ్యమని మిగతావాళ్ళకి నచ్చజెప్పాడు.

క్లైన్ మీద నేరుగా దావా వేసే దారి పాల్‌కి లేదు, భాగస్వామ్యం స్నేహితులతో కాబట్టి. 1970 డిసెంబరు 31న లండన్ హైకోర్టులో ముగ్గురు చిన్ననాటి మిత్రుల మీద కేసు వేశాడు. కాగితాలు తేలడానికి ఇంకో నాలుగేళ్ళు పట్టింది. జాన్ 1974 డిసెంబరులో ఫ్లోరిడా డిస్నీ వరల్డ్ హోటల్లో ఉండగా సంతకం పెట్టాడు. నాకైతే ఆ కథలో అన్నిటికంటే దిగులు పుట్టించేది ఆ హోటలు గదే.

జాన్ 1980లో హత్యకు గురయ్యాడు. అతను ఇంట్లో పియానో దగ్గర పాడుకుని రికార్డు చేసుకున్న పాటలు కొన్ని క్యాసెట్ల మీద మిగిలాయి. 1990ల్లో మిగిలిన ముగ్గురూ కూర్చుని వాటిలో రెండు పాటలు పూర్తిచేశారు. మూడోదాంట్లో గొంతూ పియానో కలిసిపోయి, రొద ఎక్కువై వదిలేశారు. 2001లో జార్జ్ కూడా పోయాడు. జాక్సన్ బృందం గిటార్ మోతలోంచి మాటల్ని లాగిన పద్ధతితోనే ఆ క్యాసెట్లోంచి జాన్ గొంతుని శుభ్రంగా వేరుచేశారు. జార్జ్ 1995లో వాయించిన గిటార్ కలిపి, పాల్, రింగో కొత్తగా వాయించి, 2023 నవంబరులో 'నౌ అండ్ దెన్' పేరుతో విడుదల చేశారు.

ఆ క్యాసెట్లని 1994లో పాల్ చేతికి ఇచ్చింది యోకో ఓనో.